ఎడమచేతి కట్టు

చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. మణికట్టు దగ్గర, తాడు రాసుకుని రాసుకుని చర్మం నున్నబడిపోయిన చోట రెండు వేళ్ళు పెట్టి చూశాను, తరవాత అవే వేళ్ళు నా మణికట్టు మీద పెట్టుకుని చూశాను, నాది కొట్టుకుంటోంది, తాతయ్యది కొట్టుకోవడం లేదు, మళ్ళీ పెట్టాను, ఈసారి కొట్టుకున్నట్టే అనిపించింది గానీ అది నా వేలికొసల్లో నా నెత్తురే. ముక్కు కింద అరచెయ్యి పెట్టాను. గంజి పోయడానికి ముక్కులో వేసిన గొట్టం చెంప మీద పట్టీ వేసి అంటించిన చోట అంటించినట్టే ఉంది, లాగలేదు, కదపలేదు, మాట ఇచ్చినట్టే ఉన్నాడు. నోరు కాస్త తెరుచుకుంది, కళ్ళు కాస్త తెరుచుకున్నాయి, ఇంకేదో చెప్పబోయి ఎందుకులే అనుకున్నట్టుంది మొహం. ఎవరినైనా పిలవాలి. పిలిస్తే వస్తారు, వస్తే ముందు మొహం చూస్తారు, తరవాత చెయ్యి చూస్తారు, మంచం పట్టీకి కట్టి ఉండాల్సిన ఎడమచెయ్యి దుప్పటి మీద ఊరికే పడి ఉంది, కట్టాల్సిన తాడు నా ఒళ్ళో ఉంది. కట్టాలి. ముందు కట్టాలి, తరవాత పిలవాలి.

కట్టడం నాకు వచ్చు, కళ్ళు మూసుకుని కట్టగలను. రోజూ వాళ్ళు వచ్చే వేళకి కట్టేదాన్నే, తాతయ్య కొడుకు, నేను అన్నయ్యా అని పిలిచే ఆయన, పొద్దున ఎలా కట్టి వెళ్ళాడో అచ్చం అలాగే, మణికట్టు చుట్టూ మెత్తటి గుడ్డ, గుడ్డ మీద రెండు చుట్లు, మంచం పట్టీ కిందనుంచి తీసి పైన మెలిక, మెలికలోంచి ఉచ్చు, పొట్టి కొస పైకి, పొడుగు కొస కిందికి. పొడుగు కొస లాగితే బిగుస్తుంది, పొట్టి కొస లాగితే అంతా ఒక్కసారి ఊడొస్తుంది. లారీ ముడి అంటారు దాన్ని. మంచాన పడకముందు తాతయ్య లారీల మీద సరుకు కట్టే మనిషి, గోదాము ముందు మేడంత ఎత్తు బస్తాలు వేసి పట్టా కప్పాక ఆ పక్కనుంచి ఈ పక్కకి తాళ్ళు విసిరి బిగించడం ఆయన పని, ఆయన కట్టిన లోడు దార్లో జారిందన్న మాట ఎవరి నోటా రాలేదట, అన్నయ్యే చెప్పాడు నాకు, మొదటిరోజున, గొప్పగా చెప్పాడు, ఈ ముడి నాకు నాన్నే నేర్పాడు అని చెప్తూ చెప్తూ నాన్న చెయ్యి కట్టాడు, మొహం గోడవైపు తిప్పుకుని. తాతయ్య ముడి వైపు చూశాడు. అయ్యవారు పిల్లాడి పలక చూసినట్టు చూసి, చూపుడువేలు పొట్టి కొసవైపు కొంచెం ఎత్తాడు, అది ఇంకా కాస్త పొడుగ్గా ఉండాలిరా అన్నట్టు. అన్నయ్య విప్పి, కొస సరిచేసి, మళ్ళీ కట్టాడు. అప్పుడు తాతయ్య "సరే" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

ఆయనకి మిగిలింది ఆ మాటొక్కటే. పక్షవాతం వచ్చి కుడిపక్క మొత్తం పట్టుకుపోయింది, నోట్లోని మాటలన్నీ ఊడ్చుకుని పోతూ మూలనెక్కడో ఒక్క సరే కనపడక వదిలేసి పోయినట్టుంది. ఆకలైతే సరే, ఒళ్ళు దురదపెడితే సరే, కోపమొస్తే సరే, వద్దనాలన్నా సరే. "కట్టనా నాన్నా, నువ్వు గొట్టం లాగేసుకుంటున్నావు కదా మరి" అని అన్నయ్య అడిగితే సరే. అన్నయ్యకి అది ఒప్పుకున్నట్టు వినపడేది. నిజానికి అన్నయ్యది తప్పని నేననను. గొట్టం లోపలికి వెళ్ళేదాకా ఆయన పడే బాధ చూస్తే ఇంకోసారి ఊడకూడదనే అనిపిస్తుంది, ఊడినప్పుడల్లా ఆస్పత్రి, ఆటో, ఇద్దరిలో ఒకరికి ఆ రోజు పని పోవడం. నాకు ముందు ఒక ఆయా వచ్చేదట, ఆవిడ చెయ్యి విప్పి మర్చిపోయి టీకి వెళ్ళింది, వచ్చేసరికి గొట్టం నేల మీద ఉంది, ఆవిడ ఆ సాయంత్రమే పోయింది, పోయిందంటే పనిలోంచి. ఆ మాట వదిన నాకు మొదటిరోజే చెప్పింది, తలుపు మీద చెయ్యి వేసి, ఒక కాలు చెప్పులో పెట్టి: "చూడమ్మాయ్, పెదాలు తడుపు, ఈగలు తోలు, పక్కకి తిప్పు. కట్టు మాత్రం ముట్టుకోకు. ముట్టుకున్నావని తెలిస్తే నువ్వూ వద్దు, నీ పనీ వద్దు, మీ అమ్మతో చెప్పడం కాదు, మెట్లమీద నిలబడి అందరికీ చెప్తాను." మెట్లమీద అంటే అంతే. మా మెట్లచుట్టూ ఎన్ని వాటాలున్నాయో అన్ని వాటాల్లోనూ నాకు ఏదో ఒక పనుంది.

పిల్ల మంచిది, చెయ్యి శుభ్రం, నోరు లేదు. నా గురించి ఈ మాట ఒక తలుపులోంచి ఇంకో తలుపులోకి వెళ్తుంది, దాని వెనకాల నేను వెళ్తాను. పై వాటా ముసలావిడకి సూదుల్లో దారం ఎక్కిస్తాను, ఒక్కటి కాదు, వారానికి సరిపడా సూదులన్నిటికీ ఒకేసారి ఎక్కించి దిండుకి గుచ్చి వస్తాను, ఆవిడ ఏం కుట్టుకుంటుందో ఇప్పటికీ తెలీదు, మళ్ళీ వారానికి దారాలన్నీ అయిపోతాయి. కింది వాటా పిల్లల్ని బడి నుంచి తీసుకొస్తాను, పెద్దవాడు చెయ్యి పట్టుకోనివ్వడు, పరువు తక్కువట, రోడ్డు దాటేటప్పుడు మాత్రం నా సంచి అంచు పట్టుకుంటాడు. ఊరెళ్ళినవాళ్ళ మొక్కలకి నీళ్ళు పోస్తాను. ఇంటాయన కుక్కని తిప్పమని ఒకసారి ఇచ్చారు, అదే నన్ను తిప్పింది, మోచేతులు కొట్టుకుపోయాయి, ఆ పని నేనే వద్దన్నాను, నా అంతట నేను వద్దన్న పని అదొక్కటే. వరసల్లో వాళ్ళ బదులు నిలబడతాను, ఆస్పత్రి చీటీ వరస, కరెంటు బిల్లు వరస, ఊరికే నిలబడినందుకు డబ్బులిస్తారని తెలిసినప్పుడు నాకు పెద్దవాళ్ళ మీద కాస్త గౌరవం తగ్గింది. పదో తరగతి తరవాత చదివిస్తావా అని అమ్మనడిగితే, ఇస్త్రీ దుకాణంలో రోజంతా బట్టలు మడతపెట్టి వచ్చి వేళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చుని ఉంది, తల ఎత్తకుండానే, "నీ చేతులు చదివిస్తే చదువుకో, నా చేతుల్లో ఇంక లేదు" అంది. కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది. ఇంకో మాట కూడా అంది: "పరాయింటికి పనికెళ్ళేటప్పుడు కళ్ళు తీసుకెళ్ళు, నోరు ఇంట్లో పెట్టి వెళ్ళు." నేను చేతులు తీసుకెళ్ళాను. చేతులే ఇలా చేశాయి.

మొదట విప్పింది ఈగ వల్ల. తాతయ్య కుడికంటి రెప్ప మీద ఈగ వాలింది, తోలాను, మళ్ళీ వాలింది, మళ్ళీ తోలాను, ఈగలకి పనీపాటా ఉండదు కదా, మూడోసారి వాలాక నేను తోలబోతే ఆయన "సరే" అన్నాడు, వద్దనే సరే. ఎడమచెయ్యి కట్టులో ఇటూ అటూ కదిలింది. ఆ ఈగ కంటి మూలలో నడుస్తోంది, ఆయన నావైపే చూస్తున్నాడు, నా ఈగని నేను తోలుకుంటాను అన్నట్టు. ఏమైందో తెలీదు, పొట్టి కొస లాగేశాను. చెయ్యి మెల్లగా లేచింది, గాల్లో కాసేపు ఎక్కడికి వెళ్ళాలో మర్చిపోయినట్టు ఆగింది, గొట్టం మీదకి వెళ్తుందేమోనని నేను సగం లేచాను, వెళ్ళలేదు, రెప్ప మీదకి వెళ్ళి ఈగని తోలి, అక్కడితో ఆగకుండా నుదురంతా రుద్దుకుంది, చెవి వెనక గోక్కుంది, మెడ గోక్కుంది, గోక్కుంటూ ఉంటే ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారాయి, ఎన్నాళ్ళ దురదలో అవన్నీ. "తాతయ్యా, గొట్టం లాగవు కదూ?" అన్నాను. సరే అన్నాడు. అది ఒప్పుకున్న సరే. అప్పటినుంచీ రోజూ అన్నయ్య మెట్లు దిగి వీధి మలుపు తిరగ్గానే విప్పేదాన్ని, వాళ్ళు వచ్చే ముందు కట్టేదాన్ని, కట్టేటప్పుడు ఆయనే చెయ్యి తెచ్చి పట్టీ పక్కన పెట్టేవాడు, ముడి సరిగ్గా పడిందో లేదో ఆయనే చూసేవాడు, కొస పొట్టిగా ఉంటే వేలు ఎత్తేవాడు. ఆయన కట్టుకి ఆయనే మేస్త్రీ.

కట్టాలి. చెయ్యి కదపబోతే బరువుగా ఉంది. నిన్న ఇంత బరువు లేదు, నిన్న ఆయన సాయం చేశాడు.

వాకిట్లో ఎవరో బకెట్టు పెట్టిన చప్పుడు. పంపు దగ్గర అలికిడి. వంట చేసుకునే వాళ్ళ తాలింపు వాసన ఏదీ ఇంకా రాలేదు, కాబట్టి పొద్దు అంత పోలేదు, వాళ్ళు రావడానికి కొంచెం వ్యవధి ఉంది, ఎంతసేపు అయిందో మాత్రం తెలీదు, ఆయన పోయి ఎంతసేపయిందో నాకు తెలీదు, అదే అడుగుతారు, మొదట అదే అడుగుతారు, ఎప్పుడు పోయాడు అని. నేను పక్కనే ఉన్నాను. ఇంత దూరంలో, మోకాలు మంచానికి ఆనుకుని. చొక్కాలకి బొత్తాలు కుడుతున్నాను. అదీ చెప్పాలి, చెప్పకపోయినా చొక్కాలే చెప్తాయి, నా పక్కన మడతపెట్టి ఉన్నాయి. కుట్టు పిన్నివి అవి, కింద వీధివైపు గదిలో మిషను పెట్టుకున్నావిడ, చొక్కాలు కుట్టి బొత్తాల పని నాకిస్తుంది, నన్ను బొత్తాం పిల్లా అంటుంది. ఒక ఇంటి వేళలో ఇంకో ఇంటి పని చెయ్యడం తప్పేనని నాకు తెలుసు, కానీ కూర్చోవడం ఒక పని, కుట్టడం ఒక పని, రెండూ ఒకదానికొకటి అడ్డురావు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. తాతయ్యకి కూడా ఇష్టం అది. బొత్తాల డబ్బా మూత తీసి దుప్పటి మీద పెడితే ఎడమచేత్తో ఒక్కొక్కటీ తీసి, రెండు కన్నాలవి ఒక వరస, నాలుగు కన్నాలవి ఒక వరస పేర్చేవాడు, నేను చెయ్యి చాపితే కావలసింది తీసి చేతిలో పెట్టేవాడు, బొత్తాం ఇస్తూ "సరే" అనేవాడు, అది నవ్వు. సగం మొహమే నవ్వేది. ఆ సగం చాలు.

ఇవాళ కూడా ఇచ్చాడు. కాలరు బొత్తాం ఇచ్చాడు, కింద రెండూ ఇచ్చాడు. తరవాత గురక మొదలైంది, చిన్న గురక, గొట్టం వల్ల ఈల వేసినట్టు ఉంటుంది. ఆ గురక వింటూ కుడుతున్నాను, ఒకచోట అది ఆగింది. ఆగింది, నాకు వినపడింది ఆగడం. అదే, అదే ఎవరికీ చెప్పలేను, వినపడలేదంటే అబద్ధం, వినపడింది, విని, అమ్మయ్య, గాఢంగా నిద్రపట్టింది పాపం, అనుకున్నాను. అనుకుని కత్తెర తీయబోయి మానేశాను, కత్తెర చప్పుడుకి లేస్తాడేమోనని దారం పంటితో కొరికాను. చొక్కా దులపకుండా మడతపెట్టాను. ముడి వేసేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టాను. పోయిన మనిషికి నిద్రాభంగం కాకుండా ఎంతసేపు కూర్చున్నానో.

నాకదే అలవాటు. నాన్న రాత్రి కాపలా మనిషి, ఏదో కంపెనీ గేటు దగ్గర, పగలు పడుకుంటాడు, మాది ఒకటే గది. పుట్టిన దగ్గర్నుంచీ నేను పగటిపూట చప్పుడు చేసి ఎరగను. చెంచా గిన్నెలో పెడితే మోగకుండా గుడ్డ చుట్టి పెట్టడం, తలుపు గడియ నూనె రాసి జరపడం, దగ్గొస్తే మోచేతిలో మొహం దాచుకోవడం, ఏడుపొస్తే మెట్లమీదకి వెళ్ళడం. అందుకే ఈ పనికి నేను సరిపోతానని అమ్మ అంది. పడుకున్న మగమనిషి పక్కన చప్పుడు లేకుండా కూర్చోవడం దాని కన్నా బాగా ఎవరికి వచ్చు, అని వదినతో చెప్పింది. నాన్న గురక కూడా మధ్యమధ్యలో ఆగుతుంది. ఆగితే మాకు సంతోషం, నిద్ర పట్టిందని. ఇంట్లో అందరం ఆ నిశ్శబ్దం కోసమే బతుకుతాం. ఇక్కడా అదే అనుకున్నాను, నిశ్శబ్దమంటే మంచిదే అనుకున్నాను. వేరే ఏ పిల్లయినా గురక ఆగితే తలెత్తి చూసేది. ఎవరైనా చూసేవాళ్ళు. అప్పుడే చూసి ఉంటే ఏమయ్యేది, గట్టిగా కేకేసి ఉంటే, వీపు తట్టి ఉంటే, ఏమో, ఏమీ అయ్యేది కాదేమో, ఏదైనా అయ్యేదేమో.

రెండు చుట్లు. పట్టీ కిందనుంచి. మెలిక. నా వేళ్ళు వాటంతట అవే కడుతున్నాయి, నేను చూస్తున్నానంతే. ఆయన నేర్పిన ముడి అన్నయ్యకి, అన్నయ్య కట్టిన ముడి నాకు, ఇప్పుడు చుట్టు తిరిగి ఆయన చేతికే. ఉచ్చు వేశాను. పొట్టి కొస మరీ పొట్టిగా వచ్చింది. ఆగాను. వేలు ఎత్తుతాడేమోనని ఆగాను, నిజంగానే, ముడుచుకుని ఉన్న ఆ చూపుడువేలి వైపు చూస్తూ కూర్చున్నాను. తరవాత నేనే విప్పి, కొస సరిచేసి కట్టాను. అయిపోయింది. ఇప్పుడు ఎవరు చూసినా కట్టు పొద్దుట ఎలా ఉందో అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు, పిల్ల మంచిది, చెయ్యి శుభ్రం. ఇప్పుడు పిలవచ్చు. లేచి చొక్కాలు సంచిలో పెట్టబోతే పై చొక్కా మధ్యలో ఖాళీగా ఉంది. దారం గుచ్చి వదిలేసిన చోటు. డబ్బాలో చూశాను, దుప్పటి మీద చూశాను, మంచం కింద చూశాను, కుట్టు పిన్ని బొత్తాలు లెక్కపెట్టి ఇస్తుంది, అప్పుడు కనపడింది, తాతయ్య పిడికిలి. ఎడమ పిడికిలి బిగించి ఉంది. వేళ్ళ సందులోంచి తెల్లగా అంచు. ఇద్దామని తీసి పట్టుకున్నాడు, నేను చెయ్యి చాపలేదు. నేను తల దించుకుని కింది బొత్తాం కుడుతున్నాను. చెయ్యి చాపలేదు కాబట్టి ఆగాడు. ఎంతసేపు ఆగాడో. ఆ పిడికిలి తెరవడానికి వేలు ఒకటి పట్టుకున్నాను, పట్టుకుని వదిలేశాను. ఒక చొక్కాకి ఒక బొత్తాం లేకపోతే లోకం మునిగిపోదు.

అప్పుడే మెట్లు. ఎవరి అడుగులు ఎవరివో మాకు తెలుస్తాయి, అన్నయ్యవి బరువు, మలుపు దగ్గర ఆగుతాడు, సంచి చెయ్యి మారుస్తాడు, మళ్ళీ ఎక్కుతాడు. ఇవాళ ముందే వచ్చాడు. వదిన కింద పంపు దగ్గర ఎవరితోనో మాట్లాడుతోంది. నేను తలుపు దగ్గరికి వెళ్ళలేదు, పిలవలేదు, గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆయన చెప్పులు విప్పాడు, సంచి పెట్టాడు, "పడుకున్నాడా?" అన్నాడు గుసగుసగా. మంచం దగ్గరికి వెళ్ళాడు, వంగాడు, లేచాడు, మళ్ళీ వంగాడు. నావైపు చూశాడు, ఆ చూపులో ఇంకా నాన్న ఎలా ఉన్నాడనే ప్రశ్నే ఉంది, నేను తల దించుకున్నాను, అప్పుడు తెలిసింది ఆయనకి. ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. మొదట చేసిన పని ఏంటంటే, పొట్టి కొస పట్టుకుని లాగాడు. అంతా ఒక్కసారి ఊడొచ్చింది. తాడు చుట్టచుట్టి ప్యాంటు జేబులో కుక్కాడు, గుడ్డ తీసి దిండు కింద పెట్టాడు, మణికట్టు మీద గుర్తు ఉంది కదా, దాని మీదకి చొక్కా చెయ్యి లాగాడు. నేను ఆయన చూడాలని కట్టాను. ఆయన లోకం చూడకుండా విప్పాడు. మధ్యలో తాతయ్యకి ఏం ఉపయోగమో.

తరవాత మంచం అంచున కూలబడ్డాడు. మెట్లమీద వదిన అడుగులు మొదలయ్యాయి. ఆ మధ్య కాస్త సమయంలో, తల ఎత్తకుండా, చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు: "కట్టుతోనే పోయాడా?"

నేను నోరు ఇంట్లో పెట్టి వచ్చాను. అవును అంటే సరిపోతుంది. ఊరుకున్నా సరిపోతుంది. కట్టు ముట్టుకోని పిల్లగా మెట్లు దిగి వెళ్ళిపోవచ్చు, పై వాటా సూదులున్నాయి, కింది వాటా పిల్లలున్నారు, డబ్బులు పోగయితే కాలేజీ ఉంది. కానీ ఆయన చెయ్యి తన జేబు మీద ఉంది, తాడు మీద, జేబులోంచి కొస ఒకటి బయటికి వేలాడుతోంది, పొట్టి కొస, నేనే సరిచేసిన కొస. ఈ మనిషి బతికినన్నాళ్ళూ ఏదో ఒకటి కడుతూనే ఉంటాడు, సంచో, మూటో, కట్టిన ప్రతిసారీ ఈ చెయ్యే గుర్తొస్తుంది.

"లేదన్నయ్యా" అన్నాను. "విప్పే ఉంది. రోజూ విప్పేదాన్ని. ఇప్పుడు మీరొస్తున్నారని కట్టాను. నేను బొత్తాలు కుట్టుకుంటుంటే ఆయన నాతో బొత్తాలు ఆడుకుంటూ ఆడుకుంటూ పోయాడు, పోయింది కూడా నేను చూసుకోలేదు."

తల ఎత్తాడు. ఆయన మొహంలో ఏదో వదులైంది, బిగించి బిగించి ఉన్న తాడు ఒకచోట జారినట్టు, "గొట్టం?" అన్నాడు, "ఎప్పుడూ లాగలేదు" అన్నాను, "ఒక్కసారి కూడానా?" అన్నాడు, "ఒక్కసారి కూడా" అన్నాను, అప్పుడు ఏడ్చాడు, నాన్న పిడికిలి పట్టుకుని, తెరవకుండానే. చాలనుకున్నాను. అంతవరకూ బాగానే ఉంది.

వదిన గుమ్మంలోకి వచ్చింది, అరిచింది, ఆ అరుపుకి తలుపులన్నీ తెరుచుకున్నాయి, పై వాటా నుంచి, కింది వాటా నుంచి, పంపు దగ్గరనుంచి తడిచేతులతో, గది నిండింది, నేను గోడలోకి ఇంకా జరిగాను. ఎప్పుడు, ఎప్పుడు పోయాడు, ఎవరున్నారు దగ్గర. వదిన నావైపు తిరిగింది. "నిన్నే. ఎప్పుడు పోయాడు?" "తెలీదు వదినా." "తెలీదా? పక్కన కూర్చోబెట్టింది దేనికే? ఏం చేస్తున్నావు?" కుట్టు పిన్ని కూడా వచ్చింది, మెడలో టేపు వేలాడుతూనే ఉంది, నా సంచిలోంచి చొక్కా చెయ్యి బయటికి కనపడుతోంది. అందరూ దానివైపే చూశారు. అప్పుడు అన్నయ్య, ఇంకా ఏడుస్తూనే, తల దించుకునే, "బొత్తాలు కుట్టుకుంటోందిట" అన్నాడు. "పోయింది కూడా చూసుకోలేదు."

అబద్ధం ఒక్కటి లేదు అందులో. నేను చెప్పిన దాంట్లోంచి పైకి తీయగలిగింది తీశాడు, తీయలేనిది జేబులో పెట్టుకున్నాడు. ఆయనవైపు చూశాను. ఆయన నావైపు చూడలేదు, జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. చెప్పచ్చు నేను. మణికట్టు మీద చొక్కా పైకి జరపండి అంటే చాలు. మెట్లచుట్టూ ఉన్న అన్ని వాటాలకీ ఆ మాట నాకన్నా ముందే వెళ్ళిపోతుంది. నోరు తెరిచాను కూడా. తాతయ్య మొహం కనపడింది, సగం మొహం, ఎవరో కళ్ళు మూస్తున్నారు, ఇంకెవరో పిడికిలి తెరవబోయి, రాక, పోనీలెండి అని దుప్పటి కిందకి తోశారు.

"మా ఇంటి వేళలో ఊళ్ళో వాళ్ళ బొత్తాలు కుట్టిందమ్మా" అంటోంది వదిన, అందరికీ, మెట్లవైపు తిరిగి, "దాహం అని అడిగాడో ఏమో, ఊపిరాడక కొట్టుకున్నాడో ఏమో, తల ఎత్తి చూస్తేగా." పై వాటా ముసలావిడ నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. కింది వాటా పెద్దవాడి తల్లి వాణ్ణి తన వెనక్కి లాక్కుంది, ఎందుకో. కుట్టు పిన్ని నా చేతిలోంచి సంచి తీసుకుంది, లాక్కోలేదు, మెల్లగానే తీసుకుంది, చొక్కాలు ఒకటొకటీ తిప్పి చూసింది, అలవాటు కొద్దీ. "ఇదొకటి తక్కువుందేంటే బొత్తాం పిల్లా?" "పడిపోయింది పిన్నీ." "ఎక్కడ?" "కనపడలేదు." ఆవిడ నా మొహంలోకి చూసింది, ఇంకేదో అడగబోయి, చుట్టూ జనం ఉన్నారని ఊరుకుంది. "మిగతావి నేను కుట్టుకుంటాలే" అంది. "నువ్వు ఇంటికి పో."

మా గది తలుపు నూనె రాసిన గడియతో మెల్లగా తెరుచుకుంది. కిటికీకి దుప్పటి వేలాడదీసి ఉంది, చీకటిగా, నాన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, డ్యూటీకి ఇంకా వేళ కాలేదు. బయట మెట్లమీద గొంతులు, నా పేరు కాదు, నా పని పేరు, ఆ బొత్తాలు కుట్టే పిల్ల, ఆ పిల్లే. అమ్మ వచ్చేసరికి మెట్లు ఎక్కుతుండగానే అంతా వినేస్తుంది. నేను చెప్పడానికి ఏమీ మిగలదు. చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి నడిచాను, చాప మీద కూర్చున్నాను, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని. నాన్న గురక పెడుతున్నాడు. పెద్ద గురక. వింటూ కూర్చున్నాను. లోపలికి వెళ్తోంది, బయటికి వస్తోంది. లోపలికి వెళ్ళింది. ఆగింది.

రోజూ ఆగేదే. ఆగితే నేను ఊపిరి బిగబట్టేదాన్ని, ఆ నిద్ర పాడవకుండా. ఇవాళ నా గొంతు నాకే తెలీకుండా లేచింది, ఆ గదిలో పగటిపూట ఎప్పుడూ వినపడనంత గట్టిగా.

"నాన్నా!"

ఆయన దిగ్గున లేచి కూర్చున్నాడు, జుట్టు ఒకవైపుకి లేచి, కర్ర కోసం పక్కన తడుముకుంటూ, గేటు దగ్గర ఉన్నాననుకున్నాడేమో. "ఏంటి? ఏమైందే? ఎవరు?"

"ఏం లేదు నాన్నా. పడుకో."

"లేపి పడుకోమంటావేంటే పిచ్చిదానా" అన్నాడు, కోపం కూడా సరిగ్గా రాలేదు, నిద్రలోనే ఉంది గొంతు. మళ్ళీ గోడవైపు తిరిగాడు. కాసేపటికి గురక మొదలైంది. మెట్లమీద వదిన ఇంకా చెప్తూనే ఉంది. నేను నాన్న వీపు మీద కళ్ళు పెట్టి కూర్చున్నాను, చొక్కా లేస్తోంది, దిగుతోంది, లేస్తోంది.

గురక మళ్ళీ ఆగింది. నేను మళ్ళీ పిలిచాను.